ఇనుపముసుగు వెనుకటి కన్ను

మా చిన్నతనమున మా మేనమామ ఎడ్లసంతకు బయలుదేరునపుడెల్ల ఒక వృద్ధుని వెంటబెట్టుకొని పోవుచుండెడివాడు. ఆ వృద్ధునకు సొంతమున ఒక్క కాడెద్దు లేదు, సెంటు భూమి లేదు. వయసులో పరుల యరకలు తోలి, ఒక కోడె కుమ్మగా కాలు కుంటుపడి, ఇంటిపట్టున నిలిచిపోయినవాడు. అయినను పలువరుస చూచి వయసు చెప్పుట, సుడులు చూచి గుణము చెప్పుట, పది బారలు నడిపించి రెండేండ్ల తరువాత ఆ కోడె ఏపాటి బరువు లాగగలదో చెప్పుట అతనికి వెన్నతో పెట్టిన విద్య. బేరమాడువారు వేరు, సొమ్ము చెల్లించువారు వేరు; ముసలివాడు మాత్రము తలయూచునో ఊపడో యని అందరును ఆతని వంక చూచుచుండిరి. అమెరికా దేశపు బేస్‌బాల్ చరిత్ర చదువునపుడెల్ల నాకా కుంటి వృద్ధుడు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ యాటలో ‘స్కౌటు’ అను వృత్తిని నిలిపినవారిలో పెక్కుమంది అట్టివారే.

స్కౌటనగా సైన్యపరిభాషలో వేగువాడు. శత్రుసేన ఎచ్చట దిగినదో ముందుగా పోయి చూచి వచ్చువాడు. బేస్‌బాల్ స్కౌటు చూచి రావలసినది శత్రువును గాదు, ఇంకను లోకమునకు తెలియని కుర్రవానిని. పల్లెటూరి బయళ్ళలోను, పాఠశాలల మైదానములలోను పదునెనిమిదేండ్లవాడు ఆడుచుండగా చూచి, వీడు ఇరువదియైదవ యేట ఎట్లాడగలడో ఊహించి, వీనికింత సొమ్మీయవచ్చునని జట్టు యజమానికి జాబు వ్రాయుట వాని పని. చేతిలో ఒక గడియారము, జేబులో ఒక చిన్న పుస్తకము, రైలు టిక్కెట్టు. ఇవియే ఆ రోజులలో వాని పనిముట్లు. కుర్రవాడు బంతి కొట్టి 90 అడుగుల దూరమున నున్న మొదటి బేసు అను మజిలీని నాలుగు సెకండ్లకు అటునిటుగా చేరెనా లేదాయని గడియారము చెప్పును. కాని బంతి తప్పిపోయిన మరుక్షణమున వాని మొగ మెట్లుండెనో గడియారము చెప్పదు గదా!

నేను చెప్పబోవు స్కౌటులందరును ఒకప్పటి క్యాచరులే. మన పాఠకులకు క్రికెట్టు తెలిసినంతగా ఈ యాట తెలియదు గనుక క్యాచరును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. కొట్టువాని వెనుక గొంతుకూర్చుండి, పిచ్చరు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి విసరు బంతిని పట్టువాడు క్యాచరు. మన వికెట్‌కీపరు వంటివాడే గాని, వాని పాట్లు ఇంకను మెండు. మొగమునకు ఇనుపతీగెల ముసుగు, రొమ్మునకు మెత్త, మోకాళ్ళకు తొడుగులు ఉన్నను, దినమునకు నూరేసి బంతులు పట్టుటచే వ్రేళ్ళు వంకరలు పోవుటయు, మోకాళ్ళు పిప్పియగుటయు తప్పదు. అయితే తనవారు తక్కిన యెనమండుగురును కొట్టువాని వైపు మొగము పెట్టి నిలువగా, వాడొక్కడే మైదానమంతటిని ఎదుట పెట్టుకొని కూర్చుండును. ఎవని పాదము ముందుగా కదలినది, ఎవని భుజము అలసినది, కొట్టువాడు ఏ బంతికి బెదరి వెనుకకు జరిగినాడు, ఇవన్నియు వాడు మూరెడు దూరమునుండి చూచును. చేతులు చెడిన పిదప వానికి మిగులు ఆస్తి ఈ చూపొక్కటియే.

ఈ వృత్తికి జాతకము వ్రాయవలసివచ్చినచో నేను 1907వ సంవత్సరపు వేసవినుండి లెక్క కట్టుదును. అంతకు ముందును స్కౌటులు లేకపోలేదు. కాని ఊరూర తిరుగు వర్తకులును, మిత్రులును వ్రాయు జాబులే నాటి జట్టులకు ముఖ్యాధారములు. వాషింగ్టన్ జట్టు నిర్వాహకుడైన జో కాంటిలన్‌కు అట్టి జాబులే ఒక సంచారవర్తకునినుండి వచ్చెను. ఐడహో రాష్ట్రమున వైజర్ అను చిన్న పట్టణమున టెలిఫోను కంపెనీలో పని చేయు పందొమ్మిదేండ్ల కుర్రవాడు విసరు బంతి కంటికి కనబడుటలేదని వాని సారాంశము. నమ్మవలెనో మానవలెనో తెలియక కాంటిలన్, వ్రేలికి దెబ్బ తగిలి ఆటకు పనికిరాక యున్న క్లిఫ్ బ్లాంకెన్‌షిప్ అను క్యాచరును, ఊరక కూర్చుండుట యేల యని కాబోలు, రైలెక్కించెను. అతడు దారిలో కాన్సాస్ రాష్ట్రపు విచిటాలో క్లైడ్ మిలాన్ అనువానిని చూచి ఏర్పరచుకొని, పిదప వైజర్ చేరి ఆ కుర్రవానిని ఒప్పించెను. ఒప్పందమునకు ముందు ఆ యింటివారు, కుర్రవాడు అక్కడ పనికిరాకపోయినచో తిరుగు రైలుఖర్చు ఎవరిత్తురని అడిగిరట! ఆ కుర్రవాడే వాల్టర్ జాన్సన్. 21 సంవత్సరములు వాషింగ్టన్ పక్షముననే ఆడి 417 ఆటలు గెలిపించినవాడు. మిలాన్ 1912లో ఒక్క యేట 88 బేసులు దొంగిలించెను. దెబ్బతిన్న ఒక వ్రేలు ఒక్క ప్రయాణములో ఇంత ధనము తెచ్చిపెట్టుట ఆ యాట చరిత్రలో మరల జరిగినదని నేనెరుగను.

బేసు దొంగిలించుట యనగా, పిచ్చరు బంతి విసరు సందు చూచి, ఎదుటిపక్షపువాడు ఒక బేసునుండి మరియొక బేసునకు పరుగెత్తుట. దానిని ఆపవలసినవాడు క్యాచరు. అదే వేసవిలో, 1907 జూన్ 28వ తేదీన, న్యూయార్క్ జట్టునకు క్యాచరుగ నిలిచిన ఒక యువకుని చేయి బాధపడుచుండగా, వాషింగ్టన్‌వారు ఒక్క ఆటలో 13 బేసులు దొంగిలించి ఆతనిని నవ్వులపాలు చేసిరి. ఆ యువకుని పేరు బ్రాంచ్ రికీ. ఆటగాడుగ అతని కథ త్వరలోనే ముగిసినది. న్యాయశాస్త్రము చదివి పట్టా పుచ్చుకొన్నాడు. కాని ఆట అతనిని విడువలేదు. సెయింట్ లూయిస్‌లో నుండగా, పేరు పొందిన ఆటగాండ్రను ధనిక జట్టులతో పోటీపడి కొనుటకు డబ్బు చాలక, చిన్న జట్టులనే కొని వానిలో కుర్రవాండ్రను నారుమడిలో నారువలె పెంచు పద్ధతిని కల్పించెను. నారు కావలెనన్న విత్తనము కావలెను, విత్తనము కావలెనన్న ఏరువారు కావలెను. స్కౌటుల వృత్తి రికీ చేతిలో ఒక శాస్త్రముగ రూపొందినది.

ఆ రోజులలోనే న్యూయార్క్ యాంకీలకు పాల్ క్రిచెల్ అను స్కౌటుండెను. అతడును క్యాచరే. 1911, 1912 సంవత్సరములలో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ పక్షమున రెండేండ్లు మాత్రము పెద్ద లీగులో ఆడినవాడు. ఆటగాడుగ లోకమునకు అతడు మిగిల్చినది ఒక్క ఛాయాచిత్రము. అందును నాయకుడు అతడు గాడు. టై కాబ్ అను రౌద్రమూర్తి బూట్ల మేకులను ముందుకు చాచి గాలిలో తేలివచ్చి, బేసును కాచుచున్న క్రిచెల్ తొడలపై పడుచున్న ఆ చిత్రమును బేస్‌బాల్ ప్రియులు ఇప్పటికిని చూచుచుందురు. కాబ్ పరుగెత్తివచ్చునపుడు ఎదుట నిలువరాదను జ్ఞానము దానివలన తనకు కలిగినదని క్రిచెల్ తరువాత చెప్పుకొనెను. 1923 వసంతమున న్యూజెర్సీలో ఒక కళాశాలల పందెము చూచి, కొలంబియా విశ్వవిద్యాలయపు విద్యార్థి యొకడు బంతిని కొట్టిన తీరునకు దిగ్భ్రాంతుడై, తన పైయధికారికి టెలిఫోను చేసి, మేటి కొట్టుగాడగు బేబ్ రూత్ వంటివాడు మరియొకడు దొరికినాడని చెప్పెను. ఆ విద్యార్థి లూ గెరిగ్. ఒక్క ఆటయు మానక వరుసగా 2,130 ఆటలాడినవాడు.

క్రిచెల్ కథలో నాకు మిక్కిలి నచ్చినది అతని విజయము గాదు, దాని ఫలితముగ వచ్చిన అపజయము. కొన్ని యేండ్లకు అతడు హాంక్ గ్రీన్‌బర్గ్ అను మరియొక ఆజానుబాహుని కనిపెట్టి, యాంకీ స్టేడియమునకు తీసికొనిపోయి, ముందువరుసలో కూర్చుండబెట్టి, మా జట్టులో చేరుమని బుజ్జగించుచుండెను. ఇంతలో గెరిగ్ బ్యాటు పట్టుకొని వారి యెదుటికే వచ్చి నిలిచెను. ఆ భుజములు చూచిన గ్రీన్‌బర్గ్, ఈ మనిషి ఉండగా ఆ స్థానము నాకు దక్కునది కలలోని మాటయని నిశ్చయించుకొని, డెట్రాయిట్ జట్టులో చేరెను. తాను నాటిన చెట్టు నీడయే తన రెండవ మొక్కకు ఎండ తగులకుండ చేసినది.

ఇక క్లైడ్ సూక్‌ఫోర్త్. ఈ వ్యాసము వ్రాయుటకు నాకు ప్రేరణ ఆతడే. అమెరికాకు ఈశాన్యపు కొనయైన మెయిన్ రాష్ట్రమున, వాషింగ్టన్ అను పల్లెలో 1901లో పుట్టెను. మితభాషి. 1926లో సిన్సినాటి రెడ్స్ జట్టున క్యాచరుగ ప్రవేశించెను. పెద్ద లీగులో మొత్తము 486 ఆటలు; కొట్టుటలో సగటు వేయికి 264; ప్రేక్షకుల నడుమ బంతి పడునట్లు కొట్టిన హోమ్‌రన్నులు బ్రతుకంతటికిని రెండు! ఒక్క 1929లో మాత్రము వేయికి 354 చొప్పున కొట్టి, తానును ఒక యేడు మిన్నగ నుండగలనని చూపించెను. 1931లో ఆట కాలము ముగిసిన పిదప వేటకు పోగా, తుపాకిరవ్వలు తగిలి కుడికంటి చూపు చెడినది. మరుసటి వసంతమున సిన్సినాటివారు మరి ఇద్దరితో కలిపి ఆతనిని బ్రూక్లిన్‌కు పంపి, బదులుగ పుచ్చుకొన్న ముగ్గురిలో ఎర్నీ లాంబార్డీ ఒకడు. అతడు క్యాచరుగనే గొప్ప పేరు గడించెను. ఇటు కన్ను పోయినవాడు, అటు కీర్తి పొందబోవువాడు. సూక్‌ఫోర్త్ బ్రూక్లిన్‌లో మూడేండ్లు ఏదో విధమున నెట్టుకొని వచ్చి, చిన్న జట్టులకు నిర్వాహకుడై, మాంట్రియల్‌లో మూడేండ్లు గడిపి, తిరిగి బ్రూక్లిన్‌కే శిక్షకుడుగ వచ్చెను. యుద్ధకాలమున ఆటగాండ్రు కరవై 1945లో నలువది మూడేండ్ల వయసున మరల ముసుగు తొడిగి 18 ఆటలాడి, వేయికి 294 చొప్పున కొట్టినాడన్న, ఆ ఒంటికన్నును తక్కువదిగ ఎంచరాదనియే చెప్పవలెను.

అదే సంవత్సరము ఆగస్టు మాసమున, బ్రూక్లిన్ అధిపతిగ నుండిన రికీ ఆతనిని పిలిచి, చికాగో పోయి కామిస్కీ పార్కులో కాన్సాస్ సిటీ మోనార్క్స్ అను నల్లజాతివారి జట్టు ఆడునపుడు రెండవ, మూడవ బేసుల నడుమ కాచు షార్ట్‌స్టాపగు జాకీ రాబిన్సన్ అనువాని చేతిబలము చూచి రమ్మనెను. ఆతని చేయి బాగున్నచో వెంటబెట్టుకొని రావలెను. ఆతనికి వచ్చుటకు వీలుపడకపోయినచో తానే వచ్చి చూతునని కూడ రికీ చెప్పెను. అప్పటికి రికీ నల్లవారికై క్రొత్తగా ఒక లీగు, అందు బ్రూక్లిన్ బ్రౌన్ డాడ్జర్స్ అను జట్టు పెట్టబోవుచున్నట్లు చాటించియుండెను; అందరును ఈ వెదకులాట దానికై యనియే తలచిరి. కాని సూక్‌ఫోర్త్ ఆ చివరి మాటయొద్ద ఆగెను. అంతటి రికీ ఒక ఆటగానికై తానే చికాగో వచ్చుటయా? క్యాచరు పిచ్చరు భుజము చూచి రాబోవు బంతిని ఎరిగినట్లు, ఆ యొక్క మాటలోనే ఆతడు, ఈ వెదకులాట నల్లవారి జట్టునకు గాక బ్రూక్లిన్ జట్టునకేయన్న సంగతి గ్రహించెను.

ఇచ్చట కొంత వెనుకకు పోక తప్పదు. ఈ స్కౌటుల కన్నును ఇంతసేపు పొగడితిని. కాని ఆ కన్నునకు దశాబ్దముల తరబడి యజమానులు గంతలు కట్టియుంచిరి. ఒక్క రైలుస్టేషను దూరమున నల్లవారి జట్టులాడు మైదానములుండగా, పెద్ద లీగుల స్కౌటులు కుర్రవారికై వందల మైళ్ళు పోయిరేగాని ఆ మైదానముల ఆటగాండ్రను తమ పుస్తకములలోనికి ఎక్కింపలేదు. చూచి యెరుగనివారు గారు, ఎరిగియు వ్రాయరైరి. ఆ రోజులలో అందరి క్యాచరుల కన్న బలముగ కొట్టునని పేరు పొందిన జాష్ గిబ్సన్ అట్లే పెద్ద లీగు గడప త్రొక్కకయే 1947 జనవరిలో ముప్పదియైదేండ్ల ప్రాయమున మరణించెను. ఆ గడప తెరచుకొన్నది అదే యేడు ఏప్రిల్‌లో. మూడు నెలల ఎడము!

చికాగోలో సూక్‌ఫోర్త్ చూడవచ్చినది చేతిబలము. చూడ వీలుగానిదియు అదే. రాబిన్సన్ భుజమునకు దెబ్బ తగిలి, కొన్ని దినములవరకు ఆడనని చెప్పెను. మరియొకడైనచో రైలెక్కి ఇల్లు చేరి, చూచుటకు వీలుగాలేదని జాబు వ్రాసియుండును. సూక్‌ఫోర్త్ ఆతనితో మాటలాడుచు కూర్చుండెను. రికీకి నా చేతితో పనియేమి, నన్నేల రమ్మనుచున్నాడని రాబిన్సన్ మరల మరల అడుగుచుండెను. తెలియదనుట తప్ప సూక్‌ఫోర్త్ వేరు చెప్పలేడు. ఆ ప్రశ్నలలోని పట్టుదలయు, తెలివియు ఆతనికి నచ్చినవి. బంతి విసరని చేతిని చూచి ఆతడు మనిషిని ఎంచుకొనెను. టోలీడోలో కలిసికొని, ఇద్దరును రాత్రిరైలులో న్యూయార్క్ చేరిరి.

1945 ఆగస్టు 28వ తేదీన మాంటేగ్ వీథిలోని 215వ నెంబరు కట్టడమున రికీకిని రాబిన్సన్‌కును జరిగిన సమావేశమును లోకమునకు చెప్పగల మూడవ మనిషి సూక్‌ఫోర్త్ ఒక్కడే. రికీ మొదట ఏమియు పలుకక రాబిన్సన్‌ను తేరిపార చూచెననియు, రాబిన్సన్ కన్నులు దించక ఆ చూపునకు చూపే బదులిచ్చెననియు, గదిలోని గాలి బిగుసుకొన్నట్లుండెననియు సూక్‌ఫోర్త్ తరువాతి రోజులలో చెప్పెను. పిదప సుమారు మూడు గంటలు రికీ, నీచముగ తిట్టు హోటలు నౌకరుగను, ప్రేక్షకుడుగను, ఎదుటి ఆటగాడుగను వేషములు మార్చి, పౌరుషము ఉండియు తిరిగి కొట్టని శక్తి కలవాడు కావలెనని తెలిపెను. నెలకు 600 డాలర్లు, పైగా 3,500 డాలర్లు బహుమానము. రాబిన్సన్ బ్రూక్లిన్‌వారి చిన్న జట్టగు మాంట్రియల్‌లో ఒక యేడు ఆడుటకు ఒప్పుకొనెను.

1947 ఏప్రిల్‌లో బ్రూక్లిన్ నిర్వాహకుడు లియో డ్యూరోషర్ ఒక యేడు బహిష్కృతుడు కాగా, ఆట మొదలగునాటికి ఆ పదవిలో ఎవరును లేరు. రికీ సూక్‌ఫోర్త్‌ను కొన్నాళ్ళు నిలువుమనెను. ఏప్రిల్ 15వ తేదీన, తాను చికాగోలో ఎంచుకొని తోడితెచ్చిన రాబిన్సన్ పేరును ఆటగాండ్ర పట్టికలో వ్రాయించినది సూక్‌ఫోర్త్. రెండు ఆటలు నిర్వహించి, రెండును గెలిచి, పదవి శాశ్వతముగ పుచ్చుకొనుమనగా వలదనెను. పది సంవత్సరముల పిమ్మట పిట్స్‌బర్గ్‌లో మరల అదే పదవి వెదకుకొని రాగా, మరల వలదని డానీ మర్టా పేరు చెప్పెను. మర్టా 1960లో ఆ జట్టునకు ప్రపంచ విజయము తెచ్చెను. ముందు నిలువనొల్లక వెనుక గొంతుకూర్చుండు అలవాటు ఆతని యెముకలలోనే యుండెనేమో!

చూచినది చూచినట్లు చెప్పుట ఒక్కొక్కప్పుడు ప్రమాదము. 1951 అక్టోబరు 3వ తేదీన న్యూయార్క్‌లో ఆ యేటి పందెమంతయు ఒక్క బంతిపై నిలిచియుండగా, బ్రూక్లిన్ నిర్వాహకుడు చార్లీ డ్రెసెన్ టెలిఫోనులో సూక్‌ఫోర్త్‌ను, పిచ్చరులలో ఎవరు సిద్ధముగ నున్నారని అడిగెను. ఎర్‌స్కిన్ విసరు వంకరబంతులు నేలను తాకుచున్నవని సూక్‌ఫోర్త్ చెప్పెను. డ్రెసెన్ బ్రాంకాను పంపెను, ఎదుటిపక్షపు బాబీ థాంసన్ ఆతని బంతిని గోడ దాటించెను, బ్రూక్లిన్ ఓడెను. నింద కొంత సూక్‌ఫోర్త్ మీదికి వచ్చెను. మరుసటి జనవరిలో ఆతడు కొలువు విడిచి, పిట్స్‌బర్గ్ చేరియున్న రికీ యొద్దకే పోయెను. నిజముగ నేలను తాకిన బంతిని నేలను తాకినదనుటలో తప్పేమో నాకిప్పటికిని తెలియదు.

ఇట్లు పోయినందువలననే 1954 వేసవిలో రిచ్‌మండ్ పట్టణమునకు ఆతడు వచ్చినది బ్రూక్లిన్ పక్షమున గాక పిట్స్‌బర్గ్ పక్షమున. చూడవచ్చినది మాంట్రియల్ పిచ్చరు జో బ్లాక్‌ను. ఆట మొదలుకాక ముందు సాధనలో, దూరపు మూలనుండి ఒక కుర్రవాడు బంతిని మూడవ బేసునకు సూటిగా విసరుచుండెను. సూక్‌ఫోర్త్ కన్ను బ్లాక్‌ను విడిచి ఆ చేతిపై నిలిచినది. ఆ కుర్రవాడు పోర్టో రికో ద్వీపమునుండి వచ్చిన రొబెర్తో క్లెమెంటే, పందొమ్మిదేండ్లవాడు. బ్రూక్లిన్‌వారు ఆతనికి 10,000 డాలర్ల బహుమానమిచ్చిరి; 4,000కు మించి యిచ్చినవానిని చిన్న జట్టున నుంచినచో ఏడాది చివర ఇతరులు ఎన్నుకొని పుచ్చుకొనవచ్చునను నిబంధన యుండుటచే, ఎవరి కంటను పడకుండుటకై ఆతనిని తరచుగ ఆడింపక బల్లపై కూర్చుండబెట్టుచుండిరి. దాచినవానిని సాధనకు మాత్రము పంపుట వారి పొరపాటు. తిరిగి పోవునపుడు సూక్‌ఫోర్త్ మాంట్రియల్ నిర్వాహకునితో, మా కుర్రవానిని పదిలముగ చూచుకొనుమని నవ్వుచు చెప్పిపోయెనట. చిట్టచివరి స్థానమున నిలిచిన పిట్స్‌బర్గ్‌కే మొదటి ఎన్నిక హక్కు; నవంబరులో 4,000 డాలర్లకు క్లెమెంటే వారివాడయ్యెను. మూడువేల హిట్లు సరిగా పూర్తి చేసి, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంపబాధితులకు సామగ్రి తీసికొని పోవు విమానము కూలి ఆతడు మరణించెను.

1965నుండి కుర్రవాండ్రను వరుసక్రమమున పంచుకొను ఎంపిక పద్ధతి వచ్చి, ఇంటింటికి పోయి తల్లిదండ్రులను బుజ్జగించు పని చాలవరకు తగ్గినది. తరువాత బంతివేగము కొలుచు యంత్రము వచ్చినది. ఆపై లెక్కల పండితులు వచ్చిరి. ఆ కథ వేరు.

సూక్‌ఫోర్త్ మెయిన్ రాష్ట్రమునకే తిరిగిపోయి, 2000 సెప్టెంబరులో తొంబది యెనిమిదేండ్ల వయసున వాల్డోబరో పట్టణమున కన్నుమూసెను. రాబిన్సన్ విషయమున తనకు కీర్తి మితిమీరి ఇచ్చుచున్నారనియు, రికీ పొమ్మన్న చోటికి పోయితినే గాని మరేమియు చేయలేదనియు చివరివరకును చెప్పుచుండెను. 1972 జులైలో, తాను మరణించుటకు మూడు నెలల ముందు, అప్పటికే చూపు చాలవరకు కోల్పోయిన రాబిన్సన్, నీవు చేసినదానికి నీకు రావలసిన పేరు రాలేదని ఆతనికొక జాబు వ్రాసి పంపెను.